నాలుగు నెలలు బండి కదలదు: చలికాలానికి ముందు ఏం చేసి పెట్టాలి?

#1 రెండుచక్రాలు | కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

నా దగ్గర రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి పాతది. కార్బ్యురేటర్, సింగిల్ సిలిండర్, గాలికే చల్లబడే ఇంజిన్. రెండోది నాలుగేళ్ల కిందటి ట్విన్, అంటే రెండు సిలిండర్లది. దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్, రేడియేటర్ ఉన్నాయి. మంచు మొదలైతే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి నాలుగు నెలలు రెండింటినీ బయటికి తీయను. షెడ్డుంది, దానికి తలుపుంది, పైకప్పు కారదు. కరెంటు మాత్రం లేదు. రాత్రిళ్లు మైనస్ 15 దాకా పడిపోతుంది.

పోయినేడాది ఏమీ చేయకుండా కవరు కప్పేసి వదిలేశా. చలి తగ్గాక చూస్తే ట్విన్ బ్యాటరీ చచ్చిపోయింది. పాత బండి రెండు రోజులు కిక్కులు కొట్టినా పలకలేదు. మెకానిక్ కార్బ్యురేటర్ విప్పి చూపిస్తే లోపలంతా జిగురు పూసినట్టుంది. ఈసారి అలా కాకూడదు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు చెప్తున్నారు. ఎవరి మాట వినాలి?

#2 వారానికోకిక్ | పాత సభ్యుడు

నా పేరు చూశారుగా, జవాబు అదే. ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీయడం, స్టార్ట్ చేయడం, పది నిమిషాలు స్లోలో ఉంచడం, ఆపేయడం. ఆయిలు అంతటా తిరుగుతుంది, బ్యాటరీ చార్జ్ అవుతుంది, కార్బ్యురేటర్‌లో కొత్త పెట్రోలు పడుతుంది. ఎన్నేళ్లుగానో ఇదే చేస్తున్నా. మిగతాదంతా డబ్బాలు అమ్ముకునేవాళ్ల ప్రచారం.

#3 నల్లచేతులు | పాత సభ్యుడు

వారానికోకిక్ గారూ, మీ మీద గౌరవం ఉంది కానీ ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. ముప్పై ఏళ్లు ఇంజిన్లు విప్పిన చేతులతో చెప్తున్నా. చలికాలంలో బండిని పాడుచేసేది చలి కాదు, చెమ్మ. పది నిమిషాల స్టార్టింగు అంటే ఆ చెమ్మను మనమే తయారుచేసి లోపల పోయడం.

ఎలాగంటారా? లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఆవిరిగా ఉంటాయి కాబట్టి మనకు కనపడవు. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటే ఆ ఆవిరి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మైనస్ 5లో పది నిమిషాలు స్లోలో తిరిగితే సైలెన్సర్ చివరిదాకా సరిగ్గా వేడెక్కదు. ఆవిరి అక్కడే చల్లబడి నీటి బొట్లవుతుంది, సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్లో ఇప్పటికే పొగలోంచి చేరిన ఆమ్లాలు ఉంటాయి. వాటికి నీళ్లు తోడైతే బేరింగులకు ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. వారానికోసారి ఇదే పని చేస్తే నాలుగు నెలల్లో పదహారు సార్లు.

స్టార్ట్ చేస్తే అరగంట రోడ్డు మీద తోలాలి. తోలే వీలు లేకపోతే ముట్టుకోకూడదు. రెంటికీ మధ్య దారి లేదు.

రెండుచక్రాలు తమ్ముడూ, నువ్వు మొదట చేయాల్సింది ఆయిలు మార్చడం. చాలామంది "ఎలాగూ తోలనుగా, చలి పోయాక మారుస్తా" అంటారు. అది తలకిందుల లెక్క. మురికి ఆయిలు నాలుగు నెలలు లోపల కూర్చోకూడదు. చివరిసారి తోలి వచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగానే దించెయ్. ఫిల్టరు కూడా మార్చు. కొత్త ఆయిలు పోశాక రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపు, అన్ని చోట్లా పూత పడుతుంది.

#4 వారానికోకిక్

మరి బ్యాటరీ సంగతి? స్టార్ట్ చేయకపోతే ఆయనకి జరిగినట్టే చస్తుందిగా?

#5 వోల్ట్‌మీటర్ | సభ్యుడు

బ్యాటరీ పేరు వినపడింది, వచ్చేశా.

చలిలో ఒక్కసారి సెల్ఫ్ కొడితే పోయే చార్జ్, పది నిమిషాలు స్లోలో తిరిగితే తిరిగి రాదు. స్లోలో చాలా బండ్ల ఆల్టర్నేటర్ ఇచ్చేది హెడ్‌లైటుకూ ఇగ్నిషన్‌కూ సరిపోతే గొప్ప. అంటే ప్రతి ఆదివారం కాస్త కాస్త తోడేస్తున్నారన్నమాట.

రెండుచక్రాలు గారూ, పోయినేడు మీ ట్విన్ బ్యాటరీ ఎందుకు చచ్చిందో లెక్క వేసి చూపిస్తా. తాళం తీసేసినా గడియారం, అలారం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నా బండికి అలారంతో కలిపి 6 మిల్లీ ఆంపియర్లు. ఇంతేనా అనిపిస్తుంది. రోజుకి 24 గంటలు, 30 రోజులు వేయండి: నెలకి 4.3 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లది. రెండు నెలలు కూడా పట్టదు, ఖాళీ. మీదీ కొలుచుకోవచ్చు. నెగెటివ్ వైరు విప్పి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి, ముందు 10 ఆంపియర్ల రేంజిలో చూసి తర్వాత మిల్లీకి దించండి. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పకండి, లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. నాకు మూడు ఎగిరాయి.

షెడ్డులో కరెంటు లేదన్నారు కాబట్టి మీకు దారి ఒక్కటే. బ్యాటరీలు విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఇది చాదస్తం కాదు. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా ఫ్రేముకి తగిలిందా, వెల్డింగ్ షో ఉచితం.

ఇంట్లో పెట్టాక లెడ్ ఆసిడ్ బ్యాటరీ అయితే కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చి కొలవండి. 12.7 వోల్టులుంటే నిండినట్టు. 12.4కి దిగితే ముప్పాతిక మిగిలినట్టు, అప్పుడు చార్జ్ పెట్టండి. 12 అంటే దాదాపు అడుగంటింది. తక్కువ చార్జ్‌లో వారాల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జ్ చేసినా నిలవదు. ఇంకోటి, గడ్డకట్టడం. పూర్తి చార్జ్‌లో ఉన్న బ్యాటరీ మైనస్ 50 దాకా చెక్కుచెదరదు. పూర్తిగా చచ్చింది మైనస్ 7, 8కే గడ్డకట్టి పెట్టె పగలొచ్చు. మీ షెడ్డులో మైనస్ 15 అన్నారు.

చార్జర్ కొనేటప్పుడు నిండగానే తనంతట తాను తగ్గించుకునేది కొనండి. పాతకాలం చార్జర్ తగిలించి మర్చిపోతే అది ఆగకుండా ఉడకబెడుతూనే ఉంటుంది.

#6 రెండుచక్రాలు

అమ్మో, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వోల్ట్‌మీటర్ గారూ, ట్విన్‌లో మొన్నే లిథియం బ్యాటరీ వేయించా. దానికీ ఇదే లెక్కా?

#7 వోల్ట్‌మీటర్

కాదు, మంచి ప్రశ్న. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే విశ్రాంతిలో 13.2, 13.3 చూపిస్తుంది. దానంతట అది చాలా నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి విప్పి ఇంట్లో పెడితే నాలుగు నెలలు హాయిగా ఉంటుంది. రెండు జాగ్రత్తలు. దానికి పనికొస్తుందని రాసి ఉన్న చార్జరే వాడాలి, సల్ఫేటు తొలగించే మోడ్ ఉన్న లెడ్ ఆసిడ్ చార్జర్ తగిలించకండి. రెండు, సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకండి, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. ఇంట్లో గది వేడికి వచ్చాకే.

#8 నీలిట్యాంకు | సభ్యురాలు

పెట్రోలు గురించి ఎవరూ మాట్లాడలేదేం? నేనైతే ట్యాంకు మొత్తం ఖాళీ చేసేస్తా. పాతబడడానికి పెట్రోలే లేకపోతే గొడవే లేదు కదా.

#9 నల్లచేతులు

నీలిట్యాంకు అమ్మా, మీ ట్యాంకు ప్లాస్టిక్‌దైతే సరే. ఇనుపదైతే ఖాళీ ట్యాంకు అంటే లోపలి గోడలన్నీ గాలికి వదిలేసినట్టు. పగలు కాస్త వెచ్చబడి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ గాలిలోని తేమ గోడలకు చెమటలా పడుతుంది. నాలుగు నెలల తర్వాత మూత తీసి టార్చి వేసి చూస్తే ఎర్రటి పొడి. ఇంజెక్షన్ బండ్లకైతే ఇంకో చిక్కు, లోపలి పంపు సీళ్లు పెట్రోల్లో తడిసి ఉండాలి, ఎండితే బిగుసుకుంటాయి.

అందుకే నా పద్ధతి ఇది. ఇనుప ట్యాంకు, ఇంజెక్షన్ అయితే తాజా పెట్రోలు నిండుగా, మూత దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదిలి. పోయించే ముందే ఫ్యూయల్ స్టెబిలైజర్, అంటే పెట్రోలు పాతబడకుండా ఆపే మందు, ట్యాంకులో వేయాలి, డబ్బా మీద రాసిన కొలతకి. తర్వాత ఐదు పది నిమిషాలు తోలితే ఆ మందు ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. ట్యాంకులో పోసి మూత పెట్టేస్తే పైపుల్లో పాత పెట్రోలే మిగిలిపోతుంది. ఒక్క మాట, స్టెబిలైజర్ తాజా పెట్రోలును కాపాడుతుందే గానీ, పాతబడిన దాన్ని బాగుచేయదు.

#10 నీలిట్యాంకు

నాది ఇనుపదే. టార్చి వేసి చూసొచ్చా. మీరు చెప్పిన ఎర్రటి పొడి ఉంది. ఇక మాట్లాడను.

#11 వోల్ట్‌మీటర్

ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు, లీటరుకి సుమారు 5 మిల్లీలీటర్ల దాకా నీళ్లను తనలో కలుపుకుని దాచుకుంటుంది. అది 15 డిగ్రీల మాట. చలి పెరిగే కొద్దీ ఆ సామర్థ్యం తగ్గుతుంది. ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. ఎంత కదిపినా అవి తిరిగి కలవవు. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే ఆ చివరి ట్యాంకు దాంతో నింపడం మంచిది. లేకపోతే ట్యాంకు నిండుగా ఉంచడం, మూత రబ్బరు పగలకుండా చూసుకోవడం.

#12 రెండుచక్రాలు

నల్లచేతులు గారూ, మరి పాత బండి కార్బ్యురేటర్? దానికీ నింపి వదిలేయాలా?

#13 నల్లచేతులు

ట్యాంకు నింపు, కార్బ్యురేటర్ ఖాళీ చెయ్. రెండూ వేరు.

ట్యాంకు కింద ట్యాప్ మూసెయ్. కార్బ్యురేటర్ అడుగున గిన్నెలా ఉంటుంది చూడు, ఫ్లోట్ బౌల్. దానికి కింద చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. దాని కింద ఒక గాజు సీసా పట్టుకుని స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చెయ్, పూర్తిగా తీయొద్దు. ముందు సన్నటి ధారగా, తర్వాత చుక్కలుగా వస్తుంది. ఆగాక సీసాను వెలుతురుకు పెట్టి చూడు. చాలా బండ్లలో అడుగున ఒక బొట్టు విడిగా దొర్లుతూ కనిపిస్తుంది, పాదరసంలా. అది నీళ్లు. దాని చుట్టూ గోధుమరంగు నలుసులు తిరుగుతుంటాయి. నువ్వు పోయినేడాది నాలుగు నెలలు జెట్టు (పెట్రోలు ఇంజిన్‌లోకి వెళ్లే సన్నటి రంధ్రం) మూతి దగ్గర పెట్టి ఉంచింది దాన్నే.

పెట్రోలు మెల్లగా ఆవిరైపోయి మిగిలేది జిగురు. జెట్టు రంధ్రం వెంట్రుక లావు. అందులో జిగురు పడితే కిక్కులు కొట్టి ప్రయోజనం లేదు, కాలు నొప్పి తప్ప. ట్యాప్ మూసి బండి స్టార్ట్ చేసి దానంతట అదే ఆగేదాకా వదిలేసేవాళ్లూ ఉన్నారు. అదీ నడుస్తుంది గానీ, గిన్నె అడుగున కొంచెం మిగిలిపోతుంది. స్క్రూ తీయడమే మేలు.

#14 మోడరేటర్

చిన్న హెచ్చరిక. పెట్రోలు దించేటప్పుడు తలుపులు తెరిచి పెట్టండి, దగ్గర్లో హీటరు, మంట, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ వెళ్లి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. బ్యాటరీ చార్జ్ పెట్టే గదికీ గాలి ఆడాలి.

#15 ఎలుకబాధితుడు | సభ్యుడు

ఇంత పెద్ద చర్చలో ఎలుకల మాట రాకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

మూడేళ్ల కిందట చలి పోయాక బండి స్టార్ట్ చేశా. మొదట దగ్గు, తర్వాత పొగ. కాలిన వెంట్రుకల కంపు. ఆ వెంటనే సైలెన్సర్‌లోంచి గింజలు టపటపా గోడకి తగలడం మొదలుపెట్టాయి. ఓ ఎలుక కుటుంబం చలికాలమంతా అక్కడ గిడ్డంగి నడిపింది. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిస్తే సీటు నురుగు, ఫిల్టరు కాగితం, ఇంకేవో పేలికలు కలిపి అల్లిన పరుపు. వైర్లు రెండు చోట్ల కొరికేసి ఉన్నాయి. హార్న్ కొడితే ఇండికేటర్ వెలిగేది.

ఇప్పుడు నేను చేసేది: సైలెన్సర్ మూతికి మందపాటి ప్లాస్టిక్ సంచి, దాని మీద బిగుతుగా రబ్బరు బ్యాండు. ఎయిర్ బాక్సు గాలి పీల్చే గొట్టానికి సన్నటి ఇనుప జాలీ. షెడ్డులో గింజలు, పక్షుల మేత లాంటివేవీ ఉంచను. నాఫ్తలీన్ ఉండలు కూడా పెట్టి చూశా, ఎలుకలకి అలవాటైనట్టుంది, పక్కనే పడుకున్నాయి.

ముఖ్యమైంది ఇది. ఏమేం మూశామో ఒక అట్టముక్క మీద రాసి తాళంచెవికి కట్టుకోండి. రెండో ఏడాది నేను సైలెన్సర్‌లో గుడ్డ కుక్కి మర్చిపోయా. నలభై నిమిషాలు సెల్ఫ్ కొట్టి, ప్లగ్గు విప్పి, కాయిల్ అనుమానించి, ఆఖరికి వెనక్కి వచ్చి చూస్తే చిన్న నీలం గుడ్డ చివర బయటికి వేలాడుతోంది.

#16 వారానికోకిక్

హార్న్ కొడితే ఇండికేటర్! నవ్వాగట్లేదు.

#17 నీలిట్యాంకు

మాట్లాడనన్నా గానీ రేడియేటర్ గురించి చెప్పకుండా ఉండలేను. రెండుచక్రాలు గారూ, మీ ట్విన్‌లో కూలెంట్ ఎంత చలికి తట్టుకుంటుందో కొలిచారా?

నా మొదటి బండి సెకండ్ హ్యాండ్. అమ్మినాయన వేసవిలో మట్టం తగ్గినప్పుడల్లా మంచినీళ్లు పోసేవాడట. రంగు పచ్చగానే ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. సగం గ్లైకాల్ (కూలెంట్‌ను గడ్డకట్టకుండా ఆపే ద్రవం), సగం నీళ్లు అయితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ మూడో వంతుకి పడిపోతే ఆ హద్దు మైనస్ 17, 18కే వచ్చేస్తుంది. నా దాంట్లో అంతకన్నా తక్కువే ఉన్నట్టుంది. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఆ చోటు కోసం రేడియేటర్ పక్క ట్యాంకు చీలింది, వాటర్ పంపు మూత పగిలింది. చలి ఉన్నంతకాలం ఏమీ తెలియలేదు. మంచు కరిగిన రోజు షెడ్డు నేలంతా పచ్చటి మడుగు.

కొలిచే పరికరం చిన్నది. రెండు చుక్కలు గాజు మీద వేసి కంటికి పెట్టుకుని చూస్తే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగానే మూత తీయండి.

#18 రెండుచక్రాలు

కొలవలేదు. నేనూ వేసవిలో రెండుసార్లు నీళ్లు పోశా. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది, రేపే చూస్తా.

#19 గేర్‌బాక్స్ | సభ్యుడు

టైర్ల గురించి నా వంతు. నెలల తరబడి ఒకే చోట బరువు మోస్తే కింది భాగం చదునుగా అయిపోతుంది. పాడక్ స్టాండులు ఉంటే రెండు చక్రాలూ నేలకి తగలకుండా లేపండి. లేకపోతే టైరు పక్క గోడ మీద రాసిన గరిష్ఠం దాటకుండా కాస్త ఎక్కువ గాలి కొట్టి, రెండు మూడు వారాలకోసారి బండిని ఓ అడుగు ముందుకి తోయండి, అంతే. కింద ఓ పాత చెక్క ముక్కో కార్పెట్ ముక్కో వేస్తే నేల చెమ్మ కూడా తగలదు.

గాలి తగ్గిందని కంగారుపడకండి. 25 డిగ్రీల్లో 36 పీఎస్ఐ కొట్టిన టైరు మైనస్ 5లో 31 చూపిస్తుంది. పంక్చరు కాదు, చలికి గాలి ముడుచుకోవడమే.

ఇక నా తెలివితక్కువతనం ఒకటి. తుప్పు పట్టకుండా స్ప్రే కొట్టాలని ఎక్కడో చదివి డబ్బా పట్టుకుని ఫ్రేము, బోల్టులు, చువ్వలు, అన్నిటితో పాటు బ్రేకు డిస్కుల మీద కూడా కొట్టేశా. తళతళలాడాయి. చలి పోయాక వీధి చివరకొచ్చి బ్రేకు నొక్కితే బండి అదే వేగంతో వెళ్తోంది. కాలు ఆనించి, వెనక బ్రేకు కాస్త పట్టి ఎలాగో ఆగా. డిస్కులు కడుక్కోవచ్చు, ప్యాడ్లు నూనె పీల్చేశాయి, పారేశా. డిస్కు మీద పల్చగా తుప్పు వస్తే రానివ్వండి. నాలుగుసార్లు బ్రేకు కొడితే అదే పోతుంది.

#20 నల్లచేతులు

గేర్‌బాక్స్ చెప్పింది బంగారం లాంటి మాట, ఆ పొరపాటు చేసినవాళ్లని ఎంతమందినో చూశా.

నాకు మిగిలినవి గబగబా చెప్పేస్తా. బండిని బాగా కడుగు, ముఖ్యంగా కింద, ఉప్పు తగిలి ఉంటే. కడిగి అలాగే పెట్టేయకు, ఓ పది కిలోమీటర్లు తోలితే మూలల్లో నీళ్లు ఎగిరిపోతాయి. చైను కిరోసిన్‌తో మెత్తటి బ్రష్ పెట్టి శుభ్రం చేసి తుడిచి, వెచ్చగా ఉండగా చైను నూనె పట్టించు. ఓ-రింగులు, అంటే లింకుల మధ్య చిన్న రబ్బరు వలయాలు, ఉన్న చైనుకి పెట్రోలు వాడొద్దు, రింగులు పాడవుతాయి. వైర్ బ్రష్ కూడా వద్దు. బ్రేకు ఆయిలు రెండేళ్లు దాటితే ఇప్పుడే మార్పించు, అది గాల్లో తేమను తాగుతుంది.

కవరు విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు. కింద నుంచి వచ్చిన తేమ పైకి పోలేక బండి మీదే కూర్చుంటుంది. గాలి ఆడే గుడ్డ కవరు. అదీ దొరక్కపోతే పాత దుప్పటి. షెడ్డు కారట్లేదన్నావుగా, దుమ్ము పడకపోతే చాలు.

పాత బండి సిలిండర్‌లో ఆయిలు పోయాలా అని అడుగుతావు, అందరూ అడుగుతారు. నాలుగు నెలలకి తప్పనిసరేం కాదు. నేనైతే పాత ఇంజిన్లకి పోస్తా. ప్లగ్గు తీసి ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిలు పోసి, బండి టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పు. ప్లగ్గు రంధ్రం దగ్గర మొహం పెట్టకు, చిమ్ముతుంది. ప్లగ్గు తిరిగి బిగించు. చలి పోయాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి పొగ వస్తుంది, భయపడకు.

#21 వారానికోకిక్

వింటుంటే ఇంజిన్ పెళ్లికి ముస్తాబు చేస్తున్నట్టుంది. నేను నా పద్ధతే. చలి పోయాక కలుద్దాం, ఎవరి బండి ముందు స్టార్ట్ అవుతుందో చూద్దాం.

#22 రెండుచక్రాలు

రెండు రోజులు కష్టపడి అయిందనిపించా.

కూలెంట్ కొలిస్తే గీత మైనస్ 19 దగ్గర ఆగింది. మైనస్ 15 వచ్చే చోట అది మరీ దగ్గర. మొత్తం దించి కొత్తది పోశా. నీలిట్యాంకు గారూ, మీకు రుణపడి ఉన్నా.

కార్బ్యురేటర్ స్క్రూ ఓ పట్టాన రాలేదు. తప్పు సైజు స్క్రూడ్రైవర్‌తో పట్టుపట్టి గాడి సగం చెరిపేశాక, సరైన సైజుది తెస్తే సులువుగా వచ్చింది. సీసాలో నీటి బొట్టు నిజంగానే దొర్లింది! మా పాపని పిలిచి చూపించా, అది దాన్ని సీసా అంతా తిప్పుతూ అరగంట ఆడుకుంది.

బ్యాటరీలు పడగ్గది అల్మారాలో. ఇంట్లో వాళ్ల చూపులు చెప్పక్కర్లేదు. తాళంచెవులకి అట్టముక్కలు కట్టా: "సంచి తీయి. జాలీ తీయి. పెట్రోలు ట్యాప్ తెరువు. గాలి కొట్టు."

#23 ఎలుకబాధితుడు

అట్టముక్క చూసి కళ్లు చెమ్మగిల్లాయి.

(నాలుగు నెలల తర్వాత)

#24 రెండుచక్రాలు

మాట ప్రకారం వచ్చా. మంచు పోయింది, రెండు వానలు పడి రోడ్ల మీద ఉప్పు కూడా కొట్టుకుపోయింది.

ట్విన్: బ్యాటరీ బిగించే ముందు 13.2. టైర్లలో గాలి సరిచేసి, బ్రేకులు నొక్కి చూసి, సంచి తీసి సెల్ఫ్ నొక్కితే రెండోసారికే పలికింది. పాత బండి: చోక్ వేసి ఆరో కిక్కుకి. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. ఎలుకలు రాలేదు, జాలీ మీద మాత్రం గోళ్ల గీతలు ఉన్నాయి.

ఒక్క ఇబ్బంది. పాత బండి క్లచ్ పట్టి గేరు వేయగానే ఎగిరి దూకి ఆగిపోయింది. క్లచ్ పోయిందా?

#25 నల్లచేతులు

పోలేదు. ఆయిల్లో తడిసే క్లచ్ ప్లేట్లు నెలల తరబడి నొక్కుకుని ఉంటే ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇంజిన్ ఆపి టాప్ గేరులో వేసి, క్లచ్ పూర్తిగా పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపు. చప్పున విడిపోయినట్టు తెలుస్తుంది. రాకపోతే న్యూట్రల్‌లో బాగా వేడెక్కించి మళ్లీ చెయ్.

మొదటి రోజు నెమ్మదిగా తోలు. టైర్లు చల్లగా ఉంటాయి, రోడ్డు మూలల్లో ఇసక మిగిలి ఉంటుంది, మన చేతులు కూడా నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాయి.

#26 రెండుచక్రాలు

మూడో ఊపుకి "టక్" మంది. వచ్చేసింది. దండాలు గురువు గారూ!

#27 వారానికోకిక్

నా బండి మొదటి కిక్కుకే స్టార్ట్ అయింది, అది ముందు రాసుకోండి.

కాకపోతే ఓ అనుమానం. ఆయిలు మట్టం చూసే గాజు కిటికీ ఉంటుంది కదా. పైభాగంలో తెల్లగా, చిక్కగా ఏదో పేరుకుంది. షేవింగ్ క్రీమ్ లాగా. ఆయిలు పోసే మూత తీస్తే దాని లోపలి వైపు కూడా అదే. సైలెన్సర్ కింద అతుకు దగ్గర గోరు పెడితే పెచ్చు ఊడి నీళ్లు కారాయి. ఇదేమై ఉంటుంది?

#28 నల్లచేతులు

మీ బండికి రేడియేటర్ ఉందా?

#29 వారానికోకిక్

లేదు. గాలికి చల్లబడేదే.

#30 నల్లచేతులు

అయితే కూలెంట్ కాదు, ఆయిల్లో కలిసిన నీళ్లు. కంగారేం లేదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిలు దించి, ఫిల్టరు మార్చి కొత్తది పోయండి. అరగంటకు తగ్గకుండా నాలుగైదుసార్లు తోలి కిటికీ మళ్లీ చూడండి, తెలుపు పోతుంది. సైలెన్సర్ మాత్రం ఆ అతుకు దగ్గర ఎక్కువ కాలం ఆగదు.

#31 వారానికోకిక్

సరే. ఆయిలు రేపు మారుస్తా.

మోడరేటర్ గారూ, ఇక్కడ సభ్యుల పేరు మార్చుకోవడం ఎలాగో కాస్త చెప్తారా?